నాలుగు రోజుల సెలవు కూలి

న్యాయపీఠాల మీద తెలుగువాళ్లు: 9వ భాగం
కోకా సుబ్బారావు (1902–1976)

1957లో, అప్పటి బొంబాయి రాష్ట్రంలోని ఒక బీడీ కార్ఖానాలో ఒకతను 70 రోజులు పని చేసి ఆగస్టులో మానేశాడు. ఆ 70 రోజులకు లెక్కగడితే నాలుగు రోజుల సెలవు కూలి అతనికి రావాలని ప్రభుత్వం అన్నది. ఇవ్వనక్కర లేదని యజమాని అన్నాడు. నాలుగు రోజుల బీడీ కూలి ఎంతని? అయినా ఆ తగాదా బొంబాయి హైకోర్టుకు పోయింది, అక్కడి నుంచి ఢిల్లీకి, సుప్రీంకోర్టుకు పోయింది. అంత దూరం పోవడానికి కారణం ఉంది. చట్టం కార్మికుడికి సెలవు ఇమ్మన్నది. ఇతను కార్మికుడే అయితే బీడీలు చుట్టే వేలమందీ కార్మికులే. కాకపోతే వాళ్లలో ఎవరికీ చట్టం వర్తించదు.

1961లో ముగ్గురు న్యాయమూర్తులు ఆ అప్పీలు తేల్చారు. ఇద్దరు ఇతను కార్మికుడు కాడన్నారు. యజమాని గెలిచాడు. మూడో న్యాయమూర్తి ఒప్పుకోలేదు, కార్మికుడేనని విడిగా తీర్పు రాశాడు. ఆ మూడో ఆయన రాజమండ్రి మనిషి, కోకా సుబ్బారావు.

సుబ్బారావు పేరు చెప్పగానే చదువుకున్నవాళ్లు గోలక్‌నాథ్ కేసు అంటారు. ప్రాథమిక హక్కుల జోలికి పార్లమెంటు కూడా పోరాదని చెప్పిన తీర్పు అది. ఆయన జీవితం రాసినవాళ్లంతా ఆ కొండ మీద నిలబడే మిగతాదంతా చూశారు. భివండీలోని మన పద్మనగర్ నుంచి చూసేవాళ్లకు మాత్రం ఆ బీడీ కేసే దగ్గర. సాంచా (మరమగ్గం) దగ్గర మీటరు లెక్కన కూలి తీసుకునే మగవాళ్లు, వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకొని వెయ్యి లెక్కన బీడీలు చుట్టే ఆడవాళ్లు ఉన్న వాడ మనది. "నువ్వు ఎవరి దగ్గర పని చేస్తున్నవ్?" అని అడిగితే ఈ ఊళ్లో సగం మంది వెంటనే జవాబు చెప్పలేరు. ఆ ప్రశ్నను సుబ్బారావు తన జీవితంలో రెండుసార్లు ఎదుర్కొన్నాడు. ఒకసారి యజమాని వైపు చెప్పాడు, ఒకసారి కార్మికుడి వైపు చెప్పాడు. ఈ భాగం ఎక్కువగా ఆ రెండిటి గురించే.

ముందు మనిషి సంగతి.

1902 జూలై 15న రాజమండ్రిలో పుట్టాడు. తండ్రి వకీలు. రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో చదివి, మద్రాసు లా కాలేజీలో న్యాయశాస్త్రం పూర్తి చేశాడు. మద్రాసులో ఆయన పని నేర్చుకున్నది పి. వెంకటరమణారావు నాయుడి దగ్గర. ఆయనే తర్వాత మామగారు కూడా అయ్యాడు. మధ్యలో కొద్దికాలం బాపట్లలో జిల్లా మునసబుగా పని చేసి, ఆ ఉద్యోగం వదిలి మళ్లీ మద్రాసుకు వచ్చేశాడు. బావమరిది పి.వి. రాజమన్నార్‌తో కలిసి ప్రాక్టీసు సాగించాడు. పోయిన భాగంలో మనం చూసిన రాజమన్నారే ఈయన. 'తప్పెవరిది' నాటకం రాసి బళ్లారి రాఘవ చేత ఆడించుకున్న రచయిత, ఆపైన మద్రాసు హైకోర్టుకు మొదటి భారతీయ ప్రధాన న్యాయమూర్తి. 1948లో రాజమన్నార్ ఆ పదవికి వచ్చాడు. అదే ఏడాది సుబ్బారావు అదే హైకోర్టులో న్యాయమూర్తి అయ్యాడు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలుకు పోయింది కాబట్టి హైకోర్టు కోస్తాకు రావాలన్నారు. 1954 జూలై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైంది. దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావు. ఒక రాష్ట్రానికి పునాది నుంచి హైకోర్టు కట్టిపెట్టే పని అది: న్యాయమూర్తులను కూర్చడం, మద్రాసు నుంచి వచ్చే దస్త్రాలను సర్దడం, కొత్త ఊళ్లో వకీళ్లకు చోటు చూడడం. రెండేళ్లు తిరిగేసరికి 1956 నవంబరు వచ్చింది. హైదరాబాదు రాష్ట్రం విడిపోయి తెలంగాణ జిల్లాలు ఆంధ్రతో కలిశాయి. హైకోర్టు హైదరాబాదుకు, మూసీ ఒడ్డున నిజాం కాలంలో కట్టిన ఎర్రరాతి భవనానికి మారింది. సుబ్బారావు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా కొనసాగాడు. కరీంనగరం, నల్లగొండ, వరంగల్లు, మెదకు నుంచి మగ్గం వదిలి బొంబాయి దారి పట్టిన మన పెద్దల ఇంటి తగాదాలకు ఆ కొద్దికాలం పై కోర్టు ఆయనదే.

1958 జనవరి 31న సుప్రీంకోర్టుకు వెళ్లాడు.

కోర్టుల మెట్ల గురించి కొంచెం చెప్పుకోవాలి. అమెరికాలో రాష్ట్రాల కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు. ఫెడరల్ జిల్లా కోర్టుల మీద 13 ఫెడరల్ అప్పీలు కోర్టులున్నాయి, వాటి మీద వాళ్ల సుప్రీంకోర్టు ఉంది. మన దేశంలో ఇంగ్లీషువాళ్ల కాలం చివర్లో, 1937 అక్టోబరు 1న, ఢిల్లీలో ఫెడరల్ కోర్టు పెట్టారు. 1950లో దాని స్థానంలోనే సుప్రీంకోర్టు వచ్చింది. కానీ అమెరికాలో లాగా మనకు రెండు నిచ్చెనలు లేవు. రాష్ట్రం చట్టమైనా కేంద్రం చట్టమైనా ఒకే నిచ్చెన. భివండీ మేజిస్ట్రేటు ముందు మొదలైన కేసు థానే జిల్లా కోర్టుకు, బొంబాయి హైకోర్టుకు, ఆఖరికి ఢిల్లీకి ఒకే దారిన పోతుంది. బీడీ కార్ఖానాలో నాలుగు రోజుల కూలి రాజ్యాంగాన్ని వ్యాఖ్యానించే న్యాయమూర్తి బల్ల మీదికి రావడం ఈ ఒక్క నిచ్చెన వల్లనే సాధ్యమైంది. ఇది మన ఏర్పాటులోని గొప్ప సుగుణమని నా నమ్మకం. పెద్ద న్యాయమూర్తి చిన్న కూలి గురించి తల బద్దలు కొట్టుకోక తప్పదు.

ఢిల్లీ వెళ్లిన మొదటి ఏడాదిలోనే, 1958లో, సుబ్బారావు ముందుకు మధ్యప్రదేశ్‌లోని సాగర్ నుంచి ఒక బీడీ కేసు వచ్చింది. చింతామణ్‌రావు కేసు అంటారు. అక్కడి కార్ఖానా యజమానులు సట్టేదార్లనే మధ్యవర్తులతో ఒప్పందం పెట్టుకున్నారు. సట్టేదారు కార్ఖానా నుంచి తంబాకు తీసుకుపోతాడు. తన చోట, తన కూలీలతో బీడీలు చుట్టించి తెచ్చి ఇస్తాడు, లెక్క ప్రకారం డబ్బు తీసుకుంటాడు. ఒకరోజు ఇన్‌స్పెక్టరు కార్ఖానాకు వెళ్లినప్పుడు సట్టేదార్లు బీడీలు ఒప్పజెప్పడానికి వచ్చి అక్కడే ఉన్నారు. వీళ్లు కూడా కార్మికులే, వీళ్ల పేర్లు రిజిస్టరులో ఏవీ అని కేసు పెట్టారు. తీర్పు రాసింది సుబ్బారావు. ఉద్యోగం అనాలంటే పని ఇచ్చేవాడు ఉండాలి, పని చేసేవాడు ఉండాలి, ఇద్దరి మధ్య ఒప్పందం ఉండాలన్నాడు. పని ఎట్లా చెయ్యాలో చెప్పే అధికారం, చేస్తుంటే పర్యవేక్షించే అధికారం యజమానికి ఉండాలన్నాడు. సట్టేదారు మీద యజమానికి అలాంటి అధికారం లేదు, అతను స్వతంత్ర కాంట్రాక్టరు. అతని కూలీలు కార్ఖానా కూలీలు కారు. శిక్ష కొట్టేశాడు.

ఈ తీర్పును మనవాళ్లు చదివితే కడుపు మండుతుంది. నాకూ మండింది. సట్టేదారు స్థానంలో మన ఆసామిని పెట్టి చూడండి. సేటు నూలు ఇస్తాడు, ఆసామి బీములు పోయించుకుంటాడు, తన సాంచాల మీద కూలీలతో నేయిస్తాడు, బట్ట సేటుకు ఒప్పజెప్పి మజూరి తీసుకుంటాడు. నూలు సేటుది, బట్ట సేటుది, లాభం కూడా ఎక్కువగా సేటుదే. నేసినవాడి చెయ్యి విరిగితే మాత్రం సేటుకు అతనెవరో తెలియదు. చింతామణ్‌రావు తీర్పు ఈ ఏర్పాటుకు చట్టం లోపల ఒక గూడు కట్టిచ్చింది. సుబ్బారావును మెచ్చుకునేవాళ్లు ఈ మాట దాటవేస్తారు. దాటవేయకూడదు.

అదే సుబ్బారావు మూడేళ్ల తర్వాత, అదే కొలతతో, పూర్తిగా వేరే చోటికి చేరాడు. అక్కడే ఆయన మీద నాకు గౌరవం పుట్టింది.

1961 నాటి కేసు పేరు శంకర్ బాలాజీ వాజే వర్సెస్ స్టేట్ ఆఫ్ మహారాష్ట్ర. మొదట చెప్పిన నాలుగు రోజుల సెలవు కూలి కేసు ఇదే. ఇక్కడ సట్టేదారు లేడు. మనిషి నేరుగా కార్ఖానాకే వచ్చి బీడీలు చుట్టేవాడు. ఆకు, తంబాకు కార్ఖానావి. కూలి చుట్టిన బీడీల లెక్కన. ఫలానా వేళకు రావాలన్న నియమం లేదు. కార్ఖానా తెరిచి ఉన్న వేళల్లో ఎప్పుడైనా రావచ్చు, ఎప్పుడైనా పోవచ్చు. రోజుకు ఇన్ని చుట్టాలన్న కట్టడి కూడా లేదు. పది రోజులకు మించి రాకపోతే మాత్రం కబురు చెయ్యాలి. అది సెలవు అడగడం కోసం కాదు, పని మానేయలేదని తెలియజెయ్యడం కోసం.

జస్టిస్ రఘుబర్ దయాళ్, జస్టిస్ ఇమామ్ ఈ స్వేచ్ఛనంతా చూశారు. వచ్చేది పోయేది అతని ఇష్టం, ఎంత చుట్టేదీ అతని ఇష్టం, చుట్టేటప్పుడు ఇట్లా చుట్టు అని చెప్పేవాడు ఎవడూ లేడు, కాబట్టి యజమానికి అతని మీద అదుపు లేదు. అదుపు లేకపోతే కార్మికుడు కాడు. దయాళ్ గారి వాదనలో ఇంకొక మాట కూడా ఉంది: ఇష్టం వచ్చినప్పుడు వచ్చి పోయే మనిషికి సెలవు అనేదానికి అర్థమే లేదు, అతను ఎప్పుడు కావాలంటే అప్పుడు సెలవు తీసుకోగలడు కదా.

సుబ్బారావు అదే కార్ఖానాలోకి ఇంకో గుమ్మం నుంచి వెళ్లాడు. అక్కడ నమూనా బీడీ ఉంది, చుట్టిన ప్రతి బీడీ దానికి సరిపోవాలి. సరిపోనివి తీసి పారేస్తారు. చుట్టేవాళ్లు కార్ఖానాలోనే కూర్చోవాలి. చుట్టడానికి తంబాకు ఇంటికి పట్టుకుపోవడానికి వీల్లేదు. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో, ఎవరికి ఎంత తంబాకు ఇచ్చారో, ఎవరు ఎన్ని చుట్టారో రాసే రిజిస్టరు ఉంది. తంబాకు ఇచ్చేటప్పుడు, బీడీలు తీసుకునేటప్పుడు చూసుకోవడానికి గుమాస్తా, సూపర్‌వైజరు ఉన్నారు. ఎట్లా చుట్టాలో ఎవరూ నోటితో చెప్పడం లేదంటే చెప్పాల్సిన అవసరం లేకే. ఆ పని అందరికీ తెలిసినదే, నమూనా కళ్ల ముందే ఉంది. రాకపోకల్లో కొంచెం వెసులుబాటు ఇచ్చినంత మాత్రాన అధికారం పోదు. అధికారం ఉందా లేదా అన్నదే ప్రశ్న, దాన్ని ప్రతి గంటా వాడుతున్నారా అన్నది ప్రశ్న కాదు. ఇతను కార్మికుడే. నాలుగు రోజుల కూలి ఇవ్వాలి.

చింతామణ్‌రావు తీర్పులో తాను చెప్పిన సూత్రాన్ని సుబ్బారావు ఇక్కడ మార్చలేదు. పని ఎట్లా చెయ్యాలో శాసించే అధికారం ఎవరికి ఉంది అన్నదే కొలత, అప్పుడూ ఇప్పుడూ. ఆ అధికారం ఎక్కడ దాక్కుంటుందో చూసే చూపు మాత్రం ఈసారి పదునెక్కింది. మొన్నటి సాయంత్రం వరాలదేవి చెరువు వైపు టీ బండి దగ్గర ఒక సాంచా కార్మికుడిని ఈ కేసు సంగతే అడిగాను, మీరు ఇష్టం వచ్చినప్పుడు రావచ్చా అని. "రేపు రాకున్నా నన్ను అడిగెటోడు లేడన్నా. కని ఎల్లుండి పోతె నా సాంచాల మీద ఇంకొకడు నిలవడి ఉంటడు" అన్నాడు. ఇష్టం వచ్చినప్పుడు రావడం పోవడం అనే స్వేచ్ఛలో ఎంత పట్టు ఉంటుందో అతనికి తీర్పు చదవకుండానే తెలుసు. ఢిల్లీ ధర్మాసనం మీద ముగ్గురిలో ఒక్కడికి తెలిసింది.

అప్పటికే ఈ చూపుకు తోడు లేకపోలేదు. ధ్రాంగధ్ర కెమికల్ వర్క్స్ కేసులో ఉప్పు మడుల్లో కుటుంబంతో సహా పని చేస్తూ, పండించిన ఉప్పు లెక్కన డబ్బు తీసుకునే అగరియాలను కార్మికులుగానే సుప్రీంకోర్టు ఒప్పుకుంది. నాగపూర్ బీడీ కార్మికుల విషయంలో బిర్ధీచంద్ శర్మ కేసులోనూ కార్మికులే నెగ్గారు. వాజే కేసులో మెజారిటీ ఆ దారి నుంచి పక్కకు తప్పుకుంది, సుబ్బారావు ఆ దారిలోనే నిలబడ్డాడు.

1962 డిసెంబరు వచ్చేసరికి ఈ చూపే ఇంకో కేసులో, బీడీలతో ఏ సంబంధమూ లేని కేసులో కనబడింది. ఉత్తరప్రదేశ్‌లో ఖడక్ సింగ్ అనే అతని మీద దోపిడీ కేసు పెట్టారు. రుజువు లేక వదిలేశారు. అయినా పోలీసులు అతని మీద నిఘా పెట్టారు. ఇంటి చుట్టూ కాపలా, రాత్రిపూట తలుపు తట్టి లేపడం, ఎక్కడికి పోయినా వెంట కబురు పోవడం. ఆరుగురు న్యాయమూర్తులు విన్నారు. రాత్రిపూట ఇంట్లో చొరబడడం తప్పని అందరూ అన్నారు. మిగతా నిఘా సంగతికి వచ్చేసరికి మెజారిటీ అభిప్రాయం వేరు: అతని కాళ్లకు ఎవరూ సంకెళ్లు వెయ్యలేదు, ఎక్కడికైనా పోవచ్చు, కాబట్టి స్వేచ్ఛ పోలేదు. సుబ్బారావు, ఆయనతో కలిసి జస్టిస్ జె.సి. షా, ఈ మాట ఒప్పుకోలేదు. నీడలా వెంట పడే కళ్ల కింద తిరిగేవాడు స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదన్నారు. ఆంతరంగిక జీవితం వ్యక్తి స్వేచ్ఛలో భాగమన్నారు. నిఘా నిబంధన మొత్తాన్నీ కొట్టేయాలన్నారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పినప్పుడు నిలబెట్టింది ఈ మైనారిటీ అభిప్రాయాన్నే.

వాజే, ఖడక్ సింగ్ తీర్పులను పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు తక్కువ. ఒకటి కార్మిక చట్టాల పుస్తకంలో ఉంటుంది, ఇంకొకటి రాజ్యాంగం పుస్తకంలో ఉంటుంది. నాకు మాత్రం అవి రెండూ ఒకే చేతి రాత. రెండు చోట్లా మెజారిటీ అడిగింది ఒకటే: మనిషిని ఎవరైనా పట్టుకుని ఉన్నారా? పట్టుకోలేదు కాబట్టి స్వతంత్రుడు. సుబ్బారావు అడిగింది: పట్టుకోకుండానే అతన్ని నడిపించే శక్తి ఎవరి దగ్గర ఉంది? యజమాని రిజిస్టరులో, పోలీసు దస్త్రంలో ఆయన ఆ శక్తిని చూశాడు. ఈ దేశపు కోర్టుల్లో ఆ కాలంలో అట్లా చూడగలిగినవాళ్లు అరుదు.

ఇక గోలక్‌నాథ్. 1966 జూన్ 30న సుబ్బారావు దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. పంజాబులో గోలక్‌నాథ్ కుటుంబానికి జలంధర్ దగ్గర 500 ఎకరాలకు పైగా భూమి ఉంది. 1953 నాటి పంజాబు భూ చట్టం కింద ఒక్కొక్కరికి 30 ఎకరాలకు మించి ఉండరాదన్నారు. ఆ తగాదా పదకొండు మంది న్యాయమూర్తుల ముందుకు వచ్చింది. 1967 ఫిబ్రవరి 27న ఆరుగురు ఒకవైపు, అయిదుగురు ఒకవైపు నిలిచారు. ప్రాథమిక హక్కులను తగ్గించే సవరణ చేసే అధికారం పార్లమెంటుకు లేదని సుబ్బారావు తీర్పు. అయితే అప్పటికే జరిగిన భూసంస్కరణలు తలకిందులు కాకుండా, ఈ సూత్రం ఇకముందుకే వర్తిస్తుందని చెప్పాడు. గోలక్‌నాథ్ కుటుంబానికి భూమి దక్కలేదు. 1971లో 24వ సవరణ వచ్చింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో గోలక్‌నాథ్ తీర్పును తోసివేశారు, కానీ రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదన్న హద్దు గీశారు. ఈ కథ చాలామంది చాలాసార్లు చెప్పారు, కాబట్టి ఇంతటితో వదులుతాను. ఒక్క మాట మాత్రం అనాలి. భూస్వాముల న్యాయమూర్తి అని ఆయన్ని అప్పట్లో తిట్టినవాళ్లు వాజే తీర్పు చదవలేదు. కార్మికుల బంధువని ఈ వ్యాసం చూసి ఎవరైనా అనుకుంటే వాళ్లు గోలక్‌నాథ్, చింతామణ్‌రావు తీర్పులు చదవాలి. ఆయనకు వర్గం మీద పట్టింపు లేదు. ఒక మనిషి మీద ఇంకో శక్తి చెయ్యి ఎంత దూరం చాచవచ్చు అన్నదే పట్టింపు. ఆ శక్తి ప్రభుత్వమైతే ఆయన ఎప్పుడూ అప్రమత్తంగానే ఉన్నాడు. యజమాని అయితే ఒకసారి చూశాడు, ఒకసారి చూడలేదు.

1967 ఏప్రిల్ 10న ఆయన చెప్పిన ఇంకో తీర్పు మనవాళ్ల ఇళ్లలో సూటిగా తగిలేది. సత్వంత్ సింగ్ సాహ్నీ కేసు. అప్పటిదాకా పాస్‌పోర్టు ఇవ్వడం ఇవ్వకపోవడం సర్కారు దయ. విదేశానికి పోవడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా దాన్ని ఆపరాదని మూడు రెండు మెజారిటీతో ఆయన తేల్చాడు. ఆ దెబ్బతో అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. కరీంనగరం, నిజామాబాదు జిల్లాల నుంచి దుబాయికి, మస్కటుకు పోయిన లక్షల మంది చేతిలోని చిన్న పుస్తకం వెనుక ఆ తీర్పు ఉంది.

మరునాడే, ఏప్రిల్ 11న, రాజీనామా ఇచ్చాడు. ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల్లో డాక్టర్ జాకిర్ హుస్సేన్ మీద నిలబడ్డాడు. జాకిర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావుకు 3,63,971. ఓడిపోయాడు. ఇది ఆయన చెయ్యకూడని పని అని నేను గట్టిగా అనుకుంటాను. ప్రభుత్వానికి అంత పెద్ద హద్దు గీసిన ప్రధాన న్యాయమూర్తి రెండు నెలలు తిరక్కుండా ఆ ప్రభుత్వానికి ఎదురు పక్షాల అభ్యర్థి కావడం వల్ల, గోలక్‌నాథ్ తీర్పులో ప్రతి వాక్యం వెనుక రాజకీయం వెతికే అవకాశం విరోధులకు ఇచ్చాడు. తీర్పు అలా రాయలేదని నా నమ్మకం. అయినా న్యాయమూర్తి మీద జనం పెట్టుకున్న నమ్మకానికి అలాంటి పరీక్ష పెట్టకూడదు.

తిరిగి మన దారికి వద్దాం.

వాజే కేసులో మెజారిటీ తీర్పు బీడీ కార్మికులను వీధిలో నిలబెట్టింది. చింతామణ్‌రావు తీర్పు సట్టేదారు వెనుక ఉన్న కూలీలను అంతకుముందే బయటికి నెట్టింది. ఇంటి దగ్గర చుట్టే ఆడవాళ్ల సంగతి ఏ తీర్పులోనూ సూటిగా తేలలేదు. కోర్టులో తేలనిది చట్టసభలో తేలింది. 1966లో, సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న నెలల్లోనే, బీడీ, సిగార్ కార్మికుల చట్టం పార్లమెంటులో ఆమోదం పొందింది. కాంట్రాక్టరు ద్వారా పని ఇచ్చినా సరే, ఇంటికి ఆకు తంబాకు పంపి చుట్టించినా సరే, చుట్టేది ఉద్యోగేనని అది చెప్పింది. పని చేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు సెలవు కూలి ఇమ్మంది. 1957లో ఒకతనికి దక్కని నాలుగు రోజులు ఇట్లా అందరికీ వచ్చాయి. బీడీ కంపెనీలు ఈ చట్టం చెల్లదని కోర్టుకెక్కాయి. 1974లో మంగళూరు గణేశ్ బీడీ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. ఈ రోజు పద్మనగర్ వాకిళ్లలో, షోలాపూర్‌లో, సిరిసిల్ల, నిజామాబాదుల్లో బీడీలు చుట్టే మన ఆడవాళ్ల చేతిలో పీఎఫ్ నంబరు, గుర్తింపు కార్డు ఉన్నాయంటే అవి ఊరికే వచ్చినవి కావు. కార్డు లేనివాళ్లు ఇంకా ఉన్నారు, అది వేరే పోరాటం.

1973లో ఇంకో కేసు హైదరాబాదు నుంచి వెళ్లింది. సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసు. దుకాణంలో కూర్చొని దుకాణం మిషన్ల మీద బట్టలు కుట్టే దర్జీలు, కుట్టిన బట్ట లెక్కన కూలి. వాళ్లు ఉద్యోగులేనా అన్నది ప్రశ్న. జస్టిస్ కె.కె. మాథ్యూ పాత బీడీ కేసులన్నీ తిరగేశాడు. అదుపు ఒక్కటే కొలత కాదన్నాడు. మిషన్లు ఎవరివి, సరిగ్గా కుట్టకపోతే తిప్పి కుట్టించేది ఎవరు అని చూశాడు. దర్జీలు ఉద్యోగులేనన్నాడు. సుబ్బారావు వాజే కేసులో నమూనా బీడీని, పారేసిన బీడీలను చూపించి చెప్పిన మాటకు ఇది దగ్గరి చుట్టం. సాంచా సేటుది, బట్టలో తప్పు పడితే కోత కార్మికుడిది అయిన చోట ఈ తీర్పును ప్రతి యూనియన్ మనిషీ చదువుకోవాలి.

సుబ్బారావు 1976 మే 6న చనిపోయాడు. అదే ఏడాది ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. కార్మికుడు అనే మాటకు ఉన్న నిర్వచనంలో, కాంట్రాక్టరు ద్వారా పెట్టుకున్నా, అసలు యజమానికి తెలిసినా తెలియకపోయినా, అని చేర్చారు. 1958లో సాగర్ సట్టేదార్ల కేసులో ఆయన వదిలేసిన తలుపును చట్టం మూసింది.

కానీ ఆ చట్టం లోపలికి రావాలంటే పని చేసే చోటు ముందు ఫ్యాక్టరీ కావలసి ఉండేది. 1948 నాటి ఆ ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచే చోట పదిమంది పని చేస్తేనే ఫ్యాక్టరీ అన్నది. 1982 జనవరి 18న బొంబాయి మిల్లుల సమ్మె మొదలై మిల్లులు మూతపడ్డాక పని భివండీకి దిగి వచ్చింది, సాంచాలు పెరిగాయి, మన తెలుగువాళ్ల వాడలూ పెరిగాయి. ఆ సాంచాలను ఒకే కప్పు కింద నాలుగు పేర్ల మీద రాశారు, అన్న పేర, తమ్ముని పేర, భార్య పేర. ఒక్కో పేరు కింద పదిమంది లేకుండా చూసుకున్నారు. రెండు షిఫ్టుల్లో పన్నెండేసి గంటలు నిలబడే మనిషి చట్టం కంటికి ఏ ఫ్యాక్టరీలోనూ లేడు. పేర్లు నాలుగైనా కరెంటు మీటరు వెనుక, నూలు బిల్లు వెనుక, పదిహేను రోజుల హిసాబు వెనుక ఉన్న చెయ్యి ఒకటే. నమూనా బీడీని, రిజిస్టరును వెతికి పట్టుకున్న న్యాయమూర్తి ఈ హిసాబు పుస్తకాలు తెరిచి అడగవలసిన ప్రశ్న ఇది. వాజే కేసు మైనారిటీ తీర్పులో ఆ ప్రశ్న ఎట్లా అడగాలో రాసి ఉంది. మన వకీళ్లు థానే కోర్టులో దాన్ని వాడాలి.

(వచ్చే భాగం: జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి)